మ్యాథ్స్ తప్పిన అబ్బాయి, సుగ్గికి వెళ్లే అమ్మాయి: టెన్త్ పూర్తి చేయించేదెలా?

ప్రశ్న: మ్యాథ్స్ టీచర్, జడ్పీ హైస్కూల్, ఆదోని వైపు
అందరికీ నమస్కారం. ఇద్దరు పిల్లల గురించి అడుగుతున్నాను. అబ్బాయి మొన్నటి టెన్త్ ఫలితాల్లో మ్యాథ్స్ ఒక్కటే తప్పాడు. మామ లారీకి క్లీనర్‌గా పోతానంటున్నాడు. "తర్వాత ఓపెన్ స్కూల్‌లో కట్టిస్తాంలే సార్" అంటాడు వాళ్ల నాన్న. అమ్మాయి ఈ ఏడాది టెన్త్‌లోకి వస్తోంది. ఇంట్లోవాళ్లు ఏటా పత్తి తీతలకు, మిరప కోతలకు గుంటూరు వైపు సుగ్గికి, అంటే వలస కూలికి, వెళ్తారు. వంటకు, తమ్ముణ్ణి చూసుకోవడానికి ఈ పిల్లను కూడా తీసుకుపోతారు. ఇద్దరూ చదవగలిగిన పిల్లలే. ఏం చేయమంటారు?

జవాబు: రిటైర్డ్ హెచ్ఎం
సార్, అబ్బాయికి ముందు సప్లిమెంటరీ ఫీజు కట్టించండి. మన దగ్గర ఏప్రిల్‌లో ఫలితాలొస్తే మే నెలలోనే ఆ పరీక్షలు మొదలైపోతాయి, ఫీజు గడువు కొద్ది రోజులే. తప్పిన పిల్లలు మన చేయి జారిపోయేది సరిగ్గా అప్పుడే. వాళ్లు సిగ్గుతో బడి వైపు రారు, మనం సెలవుల్లో ఉంటాం. కాబట్టి మీరే ఇంటికి వెళ్లండి.

పాసవ్వడానికి నూటికి 35 చాలు. పుస్తకమంతా ముందేసుకోవద్దు. సాంఖ్యక శాస్త్రంలో సగటు, మధ్యగతం, బాహుళకం, సంభావ్యత, అంకశ్రేఢిలో n వ పదం, నిరూపక జ్యామితిలో దూరం సూత్రం. రోజూ ఇవే చేయించండి. చేతికి అలవాటైతే పరీక్షంటే టెన్షన్ తగ్గుతుంది. మిగతావి టైముంటేనే.

జవాబు: ఐటీఐ ఇన్‌స్ట్రక్టర్
హెచ్ఎం గారి మాటే నాదీ. ఓపెన్ టెన్త్ మంచిదే, బడి మానేసి ఏళ్లయినవాళ్లకు అదే దిక్కు. కానీ అందులో మ్యాథ్స్ తీసుకోకుండా కూడా పాసవ్వొచ్చు, చాలామంది అలాగే చేస్తారు. ఆ తర్వాత ఎలక్ట్రీషియన్‌లోనో ఫిట్టర్‌లోనో చేరదామని వస్తే, వాటికి టెన్త్‌లో మ్యాథ్స్, సైన్స్ అడుగుతారు. ఆ పిల్లల్ని వెనక్కి పంపాల్సి వచ్చినప్పుడు నాకు చాలా బాధేస్తుంది. ఓపెన్‌లో కట్టించాల్సి వస్తే మ్యాథ్స్ మాత్రం వదలనివ్వకండి.

సప్లిమెంటరీ కూడా పోయిందనుకుందాం. వెల్డర్, ప్లంబర్, వైర్‌మన్ ట్రేడ్లకు ఎనిమిది పాసైతే చాలు. వెల్డర్ ఏడాది కోర్సు. అందులో చేరి, పక్కనే టెన్త్ రాసుకోవచ్చు. టెన్త్ ఎందుకని వాళ్ల నాన్న అడిగితే రైల్వే అప్రెంటిస్ సంగతి చెప్పండి: ఐటీఐతో పాటు టెన్త్‌లో 50 శాతం మార్కులు అడుగుతారు. లారీ సంగతీ చెప్పండి: రవాణా వాహనాల లైసెన్సు 20 ఏళ్లు నిండితే గానీ రాదు. అప్పటిదాకా ఆ అబ్బాయి క్లీనరే.

జవాబు: కేజీబీవీ (కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయం) టీచర్
అమ్మాయి గురించి నేను చెప్తాను సార్. తమ్ముడి సంగతి తేల్చకుండా అక్కను ఆపలేరు. వాడు బడి ఈడు పిల్లాడైతే ఇద్దరినీ సీజనల్ హాస్టల్‌లో ఉంచమని అడగండి. సుగ్గికి వెళ్లేవాళ్ల పిల్లల కోసం పెట్టేవే అవి. మీ ఊళ్లో లేకపోతే వానాకాలంలోనే ఎంఈఓ (మండల విద్యాధికారి) గారి ద్వారా సమగ్ర శిక్ష ఆఫీసుకు రాసి పంపండి, జనం బండెక్కాక అడిగితే లాభం లేదు. తమ్ముడు మరీ చిన్నవాడైతే అవ్వ దగ్గర, అంగన్‌వాడీలో ఉంచేలా మాట్లాడండి. మా కేజీబీవీల్లో ఖాళీ ఉంటే అమ్మాయిని చేర్చొచ్చు, అది కూడా ఇప్పుడే అడగాలి.

మాట్లాడేది తల్లితో మాట్లాడండి, వీలైతే ఒక టీచరమ్మను వెంట తీసుకెళ్లండి. వాళ్లు ఊరు దాటేలోపు నామినల్ రోల్స్‌లో (పరీక్ష రాసేవాళ్ల జాబితాలో) పిల్ల పేరు, పరీక్ష ఫీజు పడ్డాయో లేదో చూసుకోండి. ఇంట్లో పెళ్లి మాట వినిపిస్తే ఆలస్యం చేయకుండా చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.

ప్రశ్న అడిగిన టీచర్
చాలా థాంక్స్ అండీ. ఫీజు రేపే కట్టిస్తాను. ఎండలకు భయపడి బడికి రాకపోతే పొద్దున ఏడింటికే రమ్మంటాను. ఇంకో చిన్న సందేహం: అబ్బాయి ఆధార్‌లో వాళ్ల నాన్న పేరు ఒకలా, బడి రికార్డులో ఇంకోలా ఉంది. ఐటీఐలో ఇబ్బందా?

జవాబు: ఐటీఐ ఇన్‌స్ట్రక్టర్
ఇబ్బందే సార్, అడ్మిషన్ రోజున అక్కడే ఆగిపోతారు. టెన్త్ మెమోలో ఉన్నట్టు ఆధార్‌ను ఇప్పుడే మార్పించండి. అబ్బాయి బ్యాంకు ఖాతా కూడా మెమోలో ఉన్న పేరుతోనే తెరిపిస్తే తర్వాత స్కాలర్‌షిప్‌కు పనికొస్తుంది.