రాసినవాడికి మెమో, దాచినవాడికి శభాష్: ఒక్క షిఫ్ట్‌లోనైనా దీన్ని మార్చగలమా?

నమస్కారమండీ. పైడిభీమవరం వైపు ఒక మందుల ఫ్యాక్టరీలో ఈమధ్యే షిఫ్ట్ ఇన్‌చార్జిగా చేరాను. కంపెనీ పేరు మాత్రం అడగకండి.

గేటు దగ్గర భద్రతే ముందు అని పెద్ద బోర్డు ఉంది. లోపల డీవియేషన్ (తయారీ నిర్ణీత పద్ధతి తప్పిందన్న విషయం) రాసినవాడికి మెమో ఇస్తారు. నైట్ షిఫ్ట్‌లో టెంపరేచర్ హద్దు దాటినా నార్మల్ అని రాసి బ్యాచ్ నడిపినవాడు మంచి పనిమంతుడు! కొత్త కుర్రాళ్లు మొదట్లో అన్నీ నిజాయితీగానే రాస్తారు. "నీకెందుకురా బాబూ" అని సీనియర్లు నాలుగుసార్లు అనేసరికి వాళ్లూ మానేస్తారు. అందుకే తప్పు మనుషుల్లో ఉందని నేననుకోను.

ఆసుపత్రి టీముల మీద హార్వర్డ్ ప్రొఫెసర్ అమీ ఎడ్మండ్‌సన్ చేసిన పరిశోధనలో, బాగా నడిచే టీముల్లోనే ఎక్కువ పొరపాట్లు రిపోర్టయ్యాయి. కారణం, అక్కడ చెప్పడానికి భయం లేకపోవడం. టయోటాలో మామూలు కార్మికుడైనా తాడు లాగి లైన్ ఆపించవచ్చు. ఇది మా మేనేజర్ గారితో అంటే "అది జపానయ్యా" అని నవ్వేశారు.

పైవాళ్లు మారకుండా కింద మార్పు వస్తుందా? పేరు లేకుండా రాయిద్దామంటే బ్యాచ్ రికార్డులో (ఒక్కో విడత మందు తయారీ వివరాలు రాసేది) సంతకం తప్పదు. పైగా చాలామంది కాంట్రాక్ట్ వాళ్లు, ఉద్యోగం పోతుందని టెన్షన్. ఫార్మాలో ఉన్నవాళ్లు ఎవరైనా ఇలాంటిచోట మొదట ఏం చేశారో చెప్పగలరా?