వాసన ఆపే బట్టలు: డీర్ వేటకి నాలుగొందల డాలర్లు పెట్టొచ్చా?

మ్యాడిసన్_మంచె
విస్కాన్సిన్. సెప్టెంబరు మధ్యలో విల్లు సీజన్ మొదలు. ఒంటి వాసన పీల్చుకునే కార్బన్ పొర ఉన్న జాకెట్టూ ప్యాంటూ కలిపి నాలుగొందల డాలర్లకి వస్తున్నాయి. అడగాల్సినవి నాలుగు. ఆ బట్టలు నిజంగా పనిచేస్తాయా? వాసన పోగొట్టే స్ప్రే ఎంతసేపటికోసారి కొట్టాలి? బూట్లు రబ్బరువా, తోలువా? లోపల స్వెటర్ పట్టాలి కదా, సైజు ఒకటి పెద్దది తీసుకోవాలా? "పాపం జింకని ఎందుకు చంపడం" అనేవాళ్ళు దయచేసి వేరే థ్రెడ్ పెట్టుకోండి.

గాలివాటం
నాలుగొందలు జేబులోనే ఉంచండి. మీ వాసనని మోసుకెళ్ళే గాలి ఎటు పోతోందో చూసుకోండి, దానికి దూది చాలు. రోడ్డు పక్కన మిల్క్‌వీడ్ కాయలు శరదృతువులో ఎండి పగులుతాయి. మన జిల్లేడు కుటుంబమే, లోపల అలాంటి దూదే. ఐదారు కాయల దూది ఖాళీ మాత్రల డబ్బాలో కుక్కి, మూతకి చిన్న బెజ్జం పెడితే సీజనంతా సరిపోతుంది. ఒక్కో పోగు లాగి వదిలి, కంటికి కనబడినంత దూరం చూడండి. గాలి చూడ్డానికి అమ్మే సీసాలోని పౌడర్ పదడుగుల్లో మాయమైపోతుంది, ఆ తర్వాత గాలి ఎటు తిరిగిందో దానికి తెలీదు. దూది అలా కాదు. గట్టు దాటి కిందికి జారడం, లోయలో సుడి తిరగడం, అన్నీ చూపిస్తుంది.

పొద్దున వాలు మీద ఎండ పడేదాకా చల్లగాలి కిందికే పారుతుంది. ఎండ తగిలాక పైకి లేస్తుంది. సాయంత్రం నీడ పడగానే మళ్ళీ కిందికి. గాలి లేని సాయంత్రం వాగుకి ఎగువన మంచె ఎక్కితే మీ వాసన నీళ్ళలా దిగి వాగులో మడుగు కడుతుంది. ఇరవై అడుగుల ఎత్తులో ఉన్నాం కదా అనుకోవద్దు. దగ్గరున్న జింక తల మీదుగా పోతుందేమో గానీ, అవతల ఎక్కడో నేలకి దిగి తీరుతుంది.

నల్గొండ_విల్లు
గాలి అన్న చెప్పింది కరెక్టే. గా బట్టల మీద గన్ని పైసలు పెట్టుడు దండగ. బూట్లు రబ్బరువే, మోకాలు దాకా ఉండేటివి. తోలు చెమటనూ పెట్రోల్‌నూ పీల్చుకుంటది, మళ్ల వదుల్తనే ఉంటది. రబ్బరు బూట్లు ఇంట్ల తొడుక్కోవద్దు, బంకుల పెట్రోల్ కొట్టేటప్పుడు అసలే వద్దు. డిక్కీల డబ్బాలనే ఉండాలె, అడివి కాడ దిగినంక తొడగాలె. లోపల మందం ఉన్ని సాక్సు. రబ్బరుల కాలు చెమట పడితే రెండు గంటలల్ల గడ్డ కట్టినట్టు అయితది.

ఇంకోటి. మంచె దాకా జాకెట్ తొడుక్కొని నడవొద్దు, సంచికి కట్టుకోని పోవాలె. అర మైలు గుట్టెక్కి చెమటతోని తడిసినంక ఏ కార్బన్ ఏం జేస్తది?

ల్యాబ్‌కోటు
సర్ఫేస్ కెమిస్ట్రీలో పీహెచ్‌డీ చేసినవాడిగా చెప్తున్నాను, ఇక్కడ మిగతావాళ్ళవి ఊహలు. యాక్టివేటెడ్ కార్బన్ వాసనని చంపదు. సూక్ష్మరంధ్రాల గోడలకి అణువులు అంటుకుంటాయి, అంతే. రంధ్రాలు నిండితే పని అయిపోయింది. అమ్మోనియా లాంటి చిన్న అణువుల్ని మామూలు కార్బన్ సరిగా పట్టదు. చెమటలోని జిడ్డు అణువుల్ని గట్టిగా పట్టుకుంటుంది కానీ మళ్ళీ వదలదు. "డ్రయ్యర్‌లో వేస్తే మళ్ళీ కొత్తదవుతుంది" అనే ప్రచారం సంగతి: పరిశ్రమల్లో వాడిన కార్బన్‌ని తిరిగి పనికి తేవాలంటే కొలిమిలో 800 డిగ్రీల సెల్సియస్ పైకి తీసుకెళ్తారు. ఇంటి డ్రయ్యర్ 60, 65 దాటదు. ఆ వేడికి పోయేది తేమ, తేలిగ్గా ఎగిరే కొన్ని వాసనలు. మిగతాది అక్కడే.

పాతకాపు
ల్యాబ్‌కోటు గారూ, డ్రయ్యర్‌లో కొలిమి వేడి రాదని అందరికీ తెలుసు. తేమ పోయినా కొన్ని రంధ్రాలు ఖాళీ అవుతాయి కదా, సగం పనైనా జరుగుతుంది. సున్నా, నూరు మధ్య అంకెలు కూడా ఉంటాయి.

కోర్టు సంగతి ఎవరో ఒకరు ఎలాగూ తీస్తారు కాబట్టి నేనే చెప్తా. స్కెంట్-లాక్ అనే కార్బన్ వేట బట్టలు తయారుచేసేవాళ్ళ మీద, అమ్మేవాళ్ళ మీద మిన్నెసోటా వేటగాళ్ళు 2007లో కేసు వేశారు. 2010లో ఫెడరల్ జిల్లా కోర్టు వాసన నిర్మూలన ప్రకటనలు తప్పంది, వాటిని ఆపమని నిషేధ ఉత్తర్వు ఇచ్చింది. 2011లో అప్పీలు కోర్టు ఆ నిషేధ ఉత్తర్వు కొట్టేసింది. సగం తీర్పు చదివి "కోర్టే చెప్పింది మోసమని" అనేవాళ్ళు మిగతా సగం కూడా చదవాలి.

ల్యాబ్‌కోటు
అప్పీలు కోర్టు బట్టలు పనిచేస్తాయని సర్టిఫికెట్ ఇవ్వలేదు సార్. గాలింపు కుక్కలతో చేసిన ప్రయోగం 2002లో అచ్చయింది. కార్బన్ సూటు వేసుకుని దాక్కున్నవాళ్ళనీ, వేసుకోనివాళ్ళనీ కుక్కలు దాదాపు అందరినీ పట్టేశాయి.

పాతకాపు
కుక్కకి అది ఉద్యోగం. జింకకి కావాల్సింది అనుమానం వచ్చేలోపు ఇరవై సెకన్లు ఆగడం, నాకు కావాల్సిందీ ఆ ఇరవై సెకన్లే. రెండూ ఒకటి కాదు.

కడప_కారం
అందరూ బట్టల దగ్గరే ఆగిపోయినారు. మెడ దగ్గర, చేతుల దగ్గర, నడుము దగ్గర సందులుండాయి గదా. చెయ్యి కదిపినప్పుడల్లా కొలిమితిత్తి మాదిరి లోపలి గాలి కాలర్‌లోంచి బయటికి తంతాది. ఆ గాలి కార్బన్ గుండా పోనే పోదు. తల, నోరు ఎట్లాగూ బయటే. ఇంగ ఊపిరి సంగతి ఏమంటారు?

మిషిగన్_అక్క
ఊపిరి మాట వచ్చింది కాబట్టి మనవాళ్ళు దాటేసే విషయం చెప్తాను. వెల్లుల్లి అరిగాక అందులోంచి వచ్చే ఎలైల్ మిథైల్ సల్ఫైడ్‌ని కడుపు, కాలేయం విరగ్గొట్టలేవు. రక్తంలో కలిసి ఊపిరితిత్తుల్లోంచి, చర్మంలోంచి గంటల తరబడి బయటికొస్తూనే ఉంటుంది. పళ్ళు తోముకుంటే పోయేది కాదు. మెంతులు తింటే చెమటకే తియ్యటి పాకం వాసన వస్తుంది. వేటకి రెండు రోజుల ముందు నుంచి వెల్లుల్లి కారం, ఇంగువ చారు, మెంతికూర బంద్ చేయండి. కార్బన్ జాకెట్ కంటే అదే మేలు, పైగా ఫ్రీ.

కడప_కారం
అక్కా, ఇది మరీ అన్యాయం. జింక పారిపోయేది మనిషి వాసనకి. ఇంగువ అంటే ఏందో దానికేం తెలుసు? పిజ్జాలో వెల్లుల్లి తినే తెల్లోళ్ళు డీర్ కొట్టట్లేదా?

మిషిగన్_అక్క
తెలియకపోవడమే సమస్య తమ్ముడూ. అడవిలో ఎప్పుడూ లేని ఘాటు, అదీ మనిషి వాసనతో కలిసి. న్యూజెర్సీ కాలనీల్లో పెరట్లో మేసే జింకలకి వంటల వాసన అలవాటే, వాటి సంగతి వేరు. ఊరికి దూరంగా వంద ఎకరాల ఓక్ అడవిలో ఉండే ఐదేళ్ళ మగజింక అలా ఊరుకోదు.

కడప_కారం
ఐదేళ్ళ మగజింక మనిషి వాసన పదో వంతుకే పరిగెత్తుతాది. ఆడ ఇంగువ ఉంటే ఏంది, లేకుంటే ఏంది? గాలి దాని పక్కకి పోతే నువ్వు చచ్చినావు, పోకుంటే వెల్లుల్లి ముద్ద నోట్లో పెట్టుకొని కూచున్నా ఏం కాదు.

ల్యాబ్‌కోటు
పదో వంతు అన్న అంకె ఎక్కడిది?

కడప_కారం
నీ పీహెచ్‌డీలోంచి తీసినా.

నల్గొండ_విల్లు
కొట్లాట బంద్ పెట్టుండ్రి. వెల్లుల్లి తిన్నా పెరుగన్నంతోని ముగించాలె. పెరుగుల ఉండే కొవ్వు, ప్రొటీన్ రెండూ గా సల్ఫర్ వాసనను పట్టుకుంటయి. పుదీనా, ఆపిల్ గూడ పనిచేస్తయి, కానీ దాంతోపాటే తినాలె. మరునాడు తింటే లాభం లేదు.

మిషిగన్_అక్క
అసలు బట్టలకి వాసన పట్టేది ఎక్కడో చూడండి. ఇక్కడి ఇళ్ళలో వంటగదికి, హాలుకి మధ్య గోడే ఉండదు. చాలా ఇళ్ళలో పొయ్యి మీది ఫ్యాను పొగని బయటికి పంపదు, వడగట్టి మళ్ళీ ఇంట్లోకే వదుల్తుంది. తాలింపు నూనె తుంపర కంటికి కనబడకుండా వెళ్ళి కోటు మీద పడుతుంది. అది నీళ్ళతో పోదు. గ్యారేజీలో పెడితే గడ్డి కోసే మిషను పెట్రోలు. లాండ్రీ గదిలో, బట్టలు మెత్తబడటానికి డ్రయ్యర్‌లో వేసే షీట్ల పూల వాసన.

నా లెక్క ఇది: వాసన లేని, రంగు మెరుపు కలపని డిటర్జెంటు. మామూలు సబ్బుల్లో ఉండే మెరుపు రసాయనం బట్టల్ని నీలంగా మెరిపిస్తుంది. జింక కంటికి ఎరుపు, నారింజ సరిగా తెలియవు కానీ నీలం బాగా తెలుస్తుంది. సాఫ్ట్‌నర్ ససేమిరా వద్దు, కార్బన్ రంధ్రాల మీద మైనంలా పూత పడుతుంది. డ్రయ్యర్ డ్రమ్ములో పాత షీట్ల జిడ్డు ఉంటుంది. ముందు వెనిగర్‌లో తడిపిన పాత తువ్వాళ్ళు రెండు వేసి అరగంట వేడిగా తిప్పండి, తర్వాతే వేట బట్టలు. పూర్తిగా ఆరాకే మూత బిగుసుకునే డబ్బాలో పెట్టాలి. కాస్త తడి ఉన్నా బూజు వాసన పడుతుంది, ఇక ఆ సీజన్ వదలదు.

హెచ్1బి_గోల
మధ్యలో దూరుతున్నా. వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ కొనొచ్చా? రైఫిల్ అయితే 150 గజాల నుంచి కొట్టొచ్చు, ఈ వాసన తలనొప్పి ఉండదు కదా.

పాతకాపు
నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళ దగ్గర తుపాకీ గానీ తూటాలు గానీ ఉండకూడదని ఫెడరల్ చట్టం. మినహాయింపుల్లో ఒకటి, ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన చెల్లుబాటయ్యే వేట లైసెన్సు. కొనేటప్పుడు ఫారం 4473లో ఆ ప్రశ్న ఉంటుంది, లైసెన్సు చూపాలి. లైసెన్సు గడువు తీరిన రోజు మినహాయింపు కూడా తీరిపోతుంది, దీన్ని చాలామంది మరిచిపోతారు. గ్రీన్‌కార్డు వాళ్ళకి ఈ గొడవ లేదు. విల్లు ఫెడరల్ చట్టం లెక్కలో తుపాకీ కాదు. లైసెన్సుకి ముందు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు కావాలి. విస్కాన్సిన్‌లో 1973 జనవరి 1న, ఆ తర్వాత పుట్టినవాళ్ళకి. టెక్సాస్‌లో 1971 సెప్టెంబరు 2 నుంచి. ఇమిగ్రేషన్ లాయర్‌ని అడిగాకే కొనండి.

దూరం ఉంటే వాసన తలనొప్పి ఉండదన్నది మాత్రం తప్పు. మీ వెనక గాలి 150 గజాలు సులువుగా పోతుంది.

మ్యాడిసన్_మంచె
బాబూ, సైజు సంగతి? స్ప్రే సంగతి?

గాలివాటం
స్ప్రే కొనకండి. మూడు శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ 16 ఔన్సులు, డిస్టిల్డ్ వాటర్ 16 ఔన్సులు, వంటసోడా పావు కప్పు, వాసన లేని షాంపూ ఒక ఔన్సు. నెమ్మదిగా కలపండి, గిలకొట్టొద్దు. మూడు రోజులు మూత వదులుగా ఉండాలి, ఆక్సిజన్ వస్తూనే ఉంటుంది, బిగిస్తే సీసా ఉబ్బి పగులుతుంది. వెలుతురు తగలని ముదురు రంగు సీసా వాడండి. సోడా కలిశాక పెరాక్సైడ్ ఎక్కువ కాలం నిలవదు, అందుకే కొంచెం కొంచెంగా చేసుకోవాలి. ముదురు బట్టల మీద తెల్ల మరక పడొచ్చు, ముందు లోపలి అంచు మీద చూసుకోండి. కొట్టాల్సింది బూట్ల అడుగు, టోపీ, సంచి పట్టీలు, పడిపోకుండా కట్టుకునే మంచె బెల్టు మీద. ఒకసారి బండి దగ్గర, ఒకసారి మంచె కింద. పైకెక్కాక కొడితే ఆ చప్పుడుకే జింక పోతుంది.

నల్గొండ_విల్లు
బెల్టు మాట మంచిగ చెప్పినవ్. అందరు జాకెట్ ఉతుకుతరు, బెల్టును ఉతకరు. మూడేండ్ల చెమట దాంట్లనే ఉంటది. ఇగ తుపాకీ సీజన్ల నారింజ వెస్టు సంగతి జూడు. విస్కాన్సిన్‌ల నడుము నుంచి పైకి కనపడే బట్ట సగమన్న మెరిసే నారింజ గానీ గులాబీ గానీ ఉండాలె, గా రోజులల్ల విల్లు పట్టుకున్నోళ్ళకు గూడ. నాలుగొందల జాకెట్ మీద పది డాలర్ల వెస్టు ఏస్తరు, అది యాడాదంతా కారు సీటు కింద పడి ఉంటది. మసిపూసి మారేడుకాయ జేసుడు గిదే.

ఓజోన్_ఓనర్
వీటన్నిటికీ ఓజోన్ వాయువు వదిలి వాసన పోగొట్టే మిషన్ ఒక్కటే సమాధానం. బట్టలు సంచిలో పెట్టి అరగంట.

ల్యాబ్‌కోటు
ఓజోన్ వాసనతోపాటు రబ్బరుని, ఎలాస్టిక్‌ని కూడా తింటుంది. బూట్ల మీద సన్న బీటలు, నడుము పట్టీ సాగిపోవడం దాని పనే. కార్బన్ సూటుని అందులో పెడితే ఓజోన్ కార్బన్ మీదే ఖర్చయిపోయి దాన్నీ పాడుచేస్తుంది, రెండు విధాలా నష్టం. పని స్థలాల్లో ఎనిమిది గంటల సగటు పరిమితి గాలిలో పది లక్షల వంతుల్లో 0.1 వంతు మాత్రమే. మూసిన కారులో అది నడిపి అందులోనే కూర్చునేవాళ్ళున్నారు. ఊపిరితిత్తులకి మంచిది కాదు.

ఓజోన్_ఓనర్
మంచెలో తల పైన కట్టేదాని గురించి చెప్తున్నాను, కారులో కాదు.

గాలివాటం
అరగంట అన్న సంచి మంచెలో ఉంటుందా?

కడప_కారం
ఇంగువని బట్టి జింక పరిగెత్తుతాదని ఇంగా ఎవరూ రుజువు చూపలేదు, గుర్తుపెట్టుకోండి.

మిషిగన్_అక్క
రుజువులు తర్వాత. జింక మాంసం పచ్చడికి కండ మీది వెండిరంగు పొర మొత్తం కత్తితో తీసేశాక ఎంతసేపు ఉడికించాలో నీకేగా తెలుసు, అది చెప్పు.

కడప_కారం
ఉడికించేది లేదక్కా. అంగుళం ముక్కలు, ఉప్పు పసుపు వేసి సన్నమంట మీద దాని నీళ్ళు అదే ఇంకిపోయేదాకా. ఆ నీళ్ళు మిగిల్తే నెల తిరక్కుండా బూజు. తర్వాత నూనెలో ఎర్రగా వేపు. జింకకి కొవ్వు లేదు గాబట్టి నూనె మేకకన్నా ఎక్కువ పోయాల. అల్లం, వెల్లుల్లి సమానం. తగ్గించమాక.

పాతకాపు
మ్యాడిసన్ గారూ, సైజు ఒకటి పెద్దదే. కాకపోతే విల్లు పట్టే చేతి మీద బట్ట వదులుగా ఉంటే వదిలినప్పుడు తాడు తగిలి బాణం పక్కకి పోతుంది. అన్ని పొరలూ వేసుకుని, పెరట్లో ఇరవై గజాల్లో కూర్చుని బాణం వేసి చూడండి. తగిలితే మోచేయి కింద ఆర్మ్‌గార్డ్ బిగించండి. కొనకపోయినా ఇది మీ పాత స్వెటర్‌కీ వర్తిస్తుంది.