కడప రాయి అరల గోడ బీరువా: లోపల చీకటి, కింద చెమ్మ. అద్దె ఇంట్లో ఏం చేయొచ్చు?

ప్రశ్న: విశాఖ_కోడలు

అందరికీ నమస్కారమండీ. విశాఖలో ఓ పాత అపార్ట్‌మెంట్‌లో అద్దెకుంటున్నాం. పడగ్గదిలో గోడలోకి కట్టేసిన బీరువా ఒకటుంది. లోపల అరలన్నీ కడప రాయివే, ముందు చెక్క ఫ్రేము, రెండు తలుపులు. వెడల్పు నాలుగడుగులు, లోతు పద్దెనిమిది అంగుళాలు, ఎత్తు ఏడడుగులు.

ట్యూబ్‌లైటు ఎదురు గోడకుంది. నేను బీరువా ముందు నిలబడితే నా నీడే లోపల పడుతుంది. పైగా నల్ల రాయి. నల్ల పావడాకీ నేవీ బ్లూ పావడాకీ తేడా తెలియక రెండూ పట్టుకుని బాల్కనీలోకి వెళ్ళి చూసుకోవాల్సి వస్తోంది. ఆన్‌లైన్‌లో అతికించే లైటొకటి తెప్పించి పై అర అడుగున రాయికి పెడితే వారం తిరక్కుండానే ఊడి కిందపడింది.

కింది అర గోడకి అవతల బాత్‌రూమ్. వాన మొదలైందంటే అక్కడి బట్టలు ముక్కవాసన కొడతాయి. మా అత్తయ్యగారేమో "లోపల జీరో బల్బు వేలాడదీస్తే చెమ్మా పోతుంది, వెలుగూ వస్తుంది, మా ఊళ్ళో అదే చేసేవాళ్ళం" అంటున్నారు. మా ఆయన వద్దంటున్నారు. ఓనరుగారు ఒక్క మేకు కూడా కొట్టొద్దన్నారు. పట్టుచీరలు, మా వాడి యూనిఫాంలు, ఐదు నెలల పాప బట్టలు, అన్నీ అందులోనే ఉండాలి. రెండు వేలకి మించి పెట్టలేను. తెలిసినవాళ్ళు చెప్పండి.

జవాబు: బరోడా_బాబాయ్

ఆ రాతి అరలన్నీ కొట్టించేసి స్లైడింగ్ తలుపుల వార్డ్‌రోబ్ చేయించుకోండి. ఇప్పుడు లోపలే లైట్లు బిగించి ఇస్తున్నారు.

జవాబు: చెక్కపని_మాస్టారు, కాకినాడ

పైనాయన అద్దె ఇల్లన్న మాట చదవలేదల్లే ఉంది. పోనీలెండి.

అమ్మా, మీ గదిలో వెలుగు తక్కువై కాదు, అది వచ్చే దిక్కు బాగోలేదు. లైటు మీ వీపు వెనకాల ఉన్నంతకాలం ఎన్ని వాట్లు వేసినా మీ నీడ మరింత నల్లగా పడుతుందే తప్ప చీర కనబడదు. లైటు మీకూ బట్టకీ మధ్యలో ఉండాలి. అందరూ చేసేదేంటంటే పై అర కప్పుకి లైటు అతికిస్తారు. అద్దం అరలైతే వెలుగు కిందికి దిగుతుంది, రాయి దిగనివ్వదు. పై అర ఒక్కటే వెలిగి కింది నాలుగూ ఎప్పట్లాగే ఉంటాయి.

మీకు చెక్క ఫ్రేము ఉందన్నారు కదా, అదే మీ అదృష్టం. ఫ్రేము లోపలి అంచున, ఎడమా కుడీ, నిలువుగా లైట్లు పెట్టండి. వెలుగు లోపలికి పడాలి, మీ కళ్ళల్లోకి కాదు. అలా పెడితే ఒక్కో అరకీ పక్కనుంచి వెలుగు అందుతుంది. ఛార్జింగ్ పెట్టుకునే సన్నటి కడ్డీ లైట్లు దొరుకుతాయి. వాటితో పాటు ఇనప బద్ద ఒకటిస్తారు, అది చెక్కకి టేపుతో అతుకుతుంది, లైటు అయస్కాంతంతో దానికి పట్టుకుంటుంది. ఛార్జింగ్ అయిపోతే లైటు ఊడదీసుకోవడమే. మేకు లేదు, వైరు లేదు. రాయికి మీ టేపు ఎందుకు ఊడిందంటే, అరల అడుగున కడప రాయిని నున్నగా తీయరు, గరుకు మీద దుమ్ము పొర ఉంటుంది. చెక్కకైనా సరే, ముందు స్పిరిట్‌తో తుడిచి, పూర్తిగా ఆరాక అతికించి, ఒక పూట వదిలేశాక లైటు పెట్టండి.

కొనేటప్పుడు మూడు చూడండి. మొదటిది సెన్సారు. చాలావాటిలో ఆటో అని ఒకటుంటుంది, గదిలో వెలుగుంటే అది వెలగదు. మీకు పగలు కూడా చీకటే కాబట్టి పగలూ రాత్రీ వెలిగే మోడ్ ఉన్నదే తీసుకోండి. ఈ సెన్సారు కదిలే ఒంటి వేడిని పట్టుకుంటుంది, తలుపు చెక్కలోంచి దానికేమీ కనబడదు. కాబట్టి తలుపు మూశాక దానంతటదే ఆరిపోతుంది. అలాగని సెన్సారు కన్నుకి చీరల దొంతర అడ్డం పెట్టకండి. రెండోది రంగు. డబ్బా మీద 4000కె అని ఉంటే మంచిది. 6500కె తెల్లటి తెలుపు, బట్టల రంగుల్ని నీలం వైపు లాగుతుంది. 3000కెలో అన్నిటికీ పసుపు ఛాయ వస్తుంది. మూడోది సీఆర్‌ఐ. రంగుని రంగుగా ఎంతవరకు చూపిస్తుందో చెప్పే లెక్కది, నూటికి వేస్తారు. మామూలుగా అమ్మేవి 80 దగ్గర ఉంటాయి, 90 పైన ఉన్నది అడగండి. మీ నలుపూ నేవీ బ్లూ గొడవ తీరేది దీంతోనే. కొట్టుకి వెళ్తే ఆ రెండు పావడాలూ సంచీలో వేసుకెళ్ళి ఆ లైటు కింద పెట్టి చూడండి, కొట్టువాడు నవ్వితే నవ్వనీండి.

ఇక జీరో బల్బు. పేరుకే జీరో అమ్మా, ఆ పాత తీగ బల్బు పన్నెండు, పదిహేను వాట్లు లాగుతుంది. అందులో ఎక్కువ భాగం వేడే. పెద్దవాళ్ళు అనేది బొత్తిగా తప్పని నేననను, ఆ వేడికి చెమ్మ కొంచెం తగ్గేది. కానీ ఆ రోజుల్లో బీరువాలో నాలుగు జతలు, మధ్యన బోలెడు ఖాళీ. ఇప్పుడు కుక్కినట్టు ఉంటాయి. ఒక సింథటిక్ చున్నీ జారి బల్బు మీద పడి, తలుపు మూసి ఉంటే ఏమవుతుందో అత్తయ్యగారికి నెమ్మదిగా చెప్పండి. పైగా గోడలోంచి నీరు ఊరుతుంటే ఆ వేడికి ఆవిరై అదే బీరువాలో తిరుగుతుంది, బయటికి పోయే దారేదీ?

చెమ్మ ఎక్కడినుంచి వస్తోందో ముందు తేల్చుకోండి. అడుగు చదరం పాలిథిన్ కవరు కత్తిరించి, కింది అర వెనక గోడకి నాలుగు వైపులా గాలి దూరకుండా టేపు వేసి రెండు రోజులు ఉంచండి. కవరు లోపల, గోడ వైపు నీటి బొట్లు పడితే నీరు గోడలోంచి వస్తున్నట్టే. బయటి వైపు పడితే అది సముద్రపు గాలి చెమ్మ. మొదటిదైతే అది ఓనరు పని, బాత్‌రూమ్ టైల్స్ సందులు నింపించాలి. ఫోటో తీసి పంపండి. ఆయన చేయించేదాకా ఆ అరలో బట్ట పెట్టకండి, స్టీలు సామాను పెట్టుకోండి.

సర్దడం గురించి ఒక్క ముక్క. పద్దెనిమిది అంగుళాల లోతులో హ్యాంగర్లు అడ్డంగా పట్టవు, చొక్కా భుజాలతో సహా ఇరవై రెండు, ఇరవై నాలుగు కావాలి. కాబట్టి రాడ్డు ఆలోచన మానుకోండి, మడతలే. ప్లైవుడ్ కొట్టుకి వెళ్ళి తెల్ల సన్మైకా ముక్కలు, కత్తిరించగా మిగిలినవి అడగండి, చవగ్గా ఇస్తారు. అరల కొలతకి కోయించి రాయి మీద ఊరికే పరవండి, అంటించొద్దు. నల్ల రాయి మింగేసే వెలుగుని ఇది తిరగ్గొడుతుంది, చీర పోగులు రాయి గరుకుకి తగులుకోవు, ఇల్లు మారేటప్పుడు చుట్టి పట్టుకుపోవచ్చు. నా లెక్కలో లైటెంత ముఖ్యమో ఇదీ అంతే.

జవాబు: జరీ_అంచు

మాది చీరల వ్యాపారం, మంగళగిరి. మాస్టారు లైటు సంగతి చెప్పేశారు, నేను బట్టల వైపు చెప్తాను.

అన్నిటికంటే ముందు పాప బట్టలు. వాటి దగ్గర కలరా ఉండలు పెడుతున్నారా అండీ? పెడితే ఇవాళే తీసేయండి. కొందరు పిల్లలకి పుట్టుకతో జీ6పీడీ అనే ఎంజైమ్ తక్కువగా ఉంటుంది, అది బయటికి తెలియదు. అలాంటి పసివాళ్ళకి కలరా ఉండల్లోని నాఫ్తలీన్ తగిలిన బట్టలు వేసినా, ఆ వాసన పీల్చినా ఎర్ర రక్తకణాలు విరిగి కామెర్లు, రక్తహీనత రావచ్చు. పాప బట్టలకి మూతున్న డబ్బా వేరే పెట్టండి, అందులో ఏమీ వేయకండి. ఇదివరకు ఉండల మధ్య ఉన్న బట్టలైతే ఉతికి ఎండలో బాగా ఆరేసి, వాసన పూర్తిగా పోయాకే వేయండి.

పాప బట్టలున్న ఈ బీరువాలో ఏ అరలోనూ ఉండలు వద్దు. వేరే బీరువాలో పట్టుచీరల దగ్గర పెట్టినా ఉండ జరీకి తగలకూడదు, జరీ నల్లబడుతుంది. పాత పంచె గుడ్డలో మూటకట్టి పై అరలో పెట్టాలి, ఆ ఆవిరి గాలి కంటే బరువు కాబట్టి కిందికి దిగుతుంది. కర్పూరం, కలరా ఉండలు రెండూ కలిపి మాత్రం పెట్టకండి. విడివిడిగా గట్టిగా ఉండేవి ఒకదాన్నొకటి తగిలితే మన ఎండాకాలపు వేడికే కరిగి నీరవుతాయి, చీర మీద మరక దిగుతుంది. మా కొట్టుకి ఆ మరకలతో వచ్చేవాళ్ళని చూస్తుంటాం, చేయగలిగిందేమీ ఉండదు.

కొన్నప్పుడిచ్చిన ప్లాస్టిక్ కవర్లలోనే చీరలు దాచేవాళ్ళు చాలామంది. మీ విశాఖ గాలికి అది అసలు పనికిరాదు, చెమ్మ లోపలే ఉండిపోతుంది. ఉతికిన తెల్ల నూలు గుడ్డలో చుట్టి, రెండు మూడు నెలలకోసారి తీసి నీడన ఆరబెట్టి, మడత మార్చి పెట్టండి. ఒకే మడతలో ఏళ్ళు ఉంటే ఆ గీత వెంటే పట్టు చిరుగుతుంది. తేమ లాగే డబ్బాలు బజార్లో ఉన్నాయి, అందులో క్యాల్షియం క్లోరైడ్ నీరై అడుగున నిలుస్తుంది. అది ఒలికితే పట్టుకి ప్రమాదం. కింది అరలోనే పెట్టాలి, చీరల పైన వద్దు.

విశాఖ_కోడలు

ఇద్దరికీ చాలా థాంక్సండీ. పాప డబ్బా సంగతి చదవగానే లేచి వెళ్ళి బీరువాలో ఉన్న ఉండలన్నీ తీసేశాను.

కవరు పరీక్ష చేశాం. బొట్లు గోడ వైపే పడ్డాయి. ఫోటో చూపిస్తే ఓనరుగారు మేస్త్రీని పంపిస్తానన్నారు, ఎప్పుడో చూడాలి. లైట్లు రెండు వచ్చాయి, 90 సీఆర్‌ఐ అనే రాసుంది. మధ్యాహ్నం కర్టెన్లు వేసి తలుపు తీస్తే మూడో అరలో మా ఆయన సాక్సుల దాకా కనబడుతున్నాయి. జీరో బల్బు గురించి అత్తయ్యగారికి చెప్తే "సరే, మీ ఇష్టం" అన్నారు, ఆ అనడంలోనే ఇష్టం లేదని తెలుస్తోంది.

ఇంకొక్కటి అడుగుతాను. మడతలు వెనక వరసలో పెడితే మరిచిపోతున్నాం. ముందు వరస తీస్తే గానీ వెనకది రాదు. సన్మైకా పరిచాక మడతలు జారుతున్నాయి కూడా.

చెక్కపని_మాస్టారు, కాకినాడ

రెండు వరసలు పెట్టకండమ్మా. లోతుకి సరిపడా, అంటే పదహారు, పదిహేడు అంగుళాల పొడవున్న ప్లాస్టిక్ ట్రేలు తీసుకోండి, అంచు నాలుగైదంగుళాలు చాలు. బట్టల్ని పడుకోబెట్టి దొంతర పేర్చకుండా, మడత అంచు పైకి కనబడేలా నిలబెట్టి వరుసగా పెట్టండి, బీరువాలో పుస్తకాలు పెట్టినట్టు. ట్రే లాగితే వెనక ఉన్నది కూడా ముందుకొస్తుంది. సన్మైకా నున్నదనం ఇక్కడ పనికొస్తుంది, ట్రే డ్రాయరులా జారుతుంది. పట్టుచీరలు మాత్రం ఇలా నిలబెట్టొద్దు, అవి పడుకోబెట్టే ఉంచండి, ఒకదానిమీద నాలుగైదుకి మించకుండా.

యూనిఫాంలు మీ నడుము ఎత్తు అరలో కాకుండా మీ వాడి చేతికి అందే అరలో పెట్టండి. పై అరకి స్టూలు ఎక్కాల్సిందే కాబట్టి ఏడాదికోసారి తీసే స్వెట్టర్లు, సూట్‌కేసు అక్కడికి. మేస్త్రీ వచ్చి సందులు నింపాక కూడా గోడ వెంటనే ఆరదు. మళ్ళీ కవరు అంటించి, బొట్లు పడట్లేదని చూసుకున్నాకే కింద బట్టలు పెట్టండి. అప్పుడు కూడా ట్రేని గోడకి ఆనించకుండా రెండంగుళాలు ఖాళీ వదలండి. ఆ ఒక్క అరకి కాస్త పొట్టి ట్రే తీసుకోవాల్సి వస్తుంది, కొనేముందు చూసుకోండి.