అకిహబరాలో గండమ్ బొమ్మ: సీల్ తీయనిది కొనాలా, విప్పినది కొనాలా?

అందరికీ నమస్కారం అండి. ఉద్యోగం మీద టోక్యో వచ్చి నెల కూడా కాలేదు, నిషి కసాయిలో ఉంటున్నాను. జపాన్ కార్టూన్ల రోబో గండమ్ అంటే నాకు ప్రాణం. మొన్న ఇలాంటి బొమ్మల కొట్లుండే అకిహబరాలో రోబో దమాషీ అనే బ్రాండ్‌ది ఆర్ఎక్స్-78-2 (మొట్టమొదటి గండమ్), 'వెర్షన్ అనిమే' అని ఉన్నది చూశాను. సీల్ తీయనిది 11,000 యెన్లు. పక్క అరలోనే విప్పినది 5,500. ఇంకొకటి జంక్, అంటే పాడైన సరుకు, అని 2,000. మూడూ ఒకే బొమ్మ! జపనీస్ చదవడం రాదు, ఏం చూసి తేల్చుకోవాలో తెలియక ఉత్త చేతులతో వచ్చేశాను. మా అక్క కొడుక్కి ఏడేళ్లు, వాడికీ ఒకటి పంపాలని ఉంది. తెలిసినవాళ్లు చెప్పగలరా?

*

తమ్ముడూ, టోక్యోకి స్వాగతం. నువ్వు దాన్ని చేతిలో పట్టుకుని రకరకాలుగా నిలబెట్టుకునేవాడివైతే విప్పినదే కొనుక్కో. ఎక్కువ పెట్టే ఆ 5,500 బొమ్మకి కాదు, సీల్‌కి. లోపల కీళ్లు బిగువుగా ఉన్నాయో వదులుగా ఉన్నాయో సీల్ ఉన్నంతకాలం అమ్మేవాడికీ తెలియదు. విప్పినదాన్ని మాత్రం చేతిలోకి తీసుకుని చూడకుండా కొనకు.

ఇది గన్‌ప్లా (ముక్కలు మనమే బిగించుకునే గండమ్ కిట్) కాదు, ముందే తయారుచేసి రంగులేసిన బొమ్మ. బొమ్మల కంపెనీ బందాయ్ వాళ్లు 2008లో రోబో దమాషీ మొదలుపెట్టారు, 'వెర్షన్ అనిమే' వరుస 2016లో ఈ ఆర్ఎక్స్-78-2తోనే వచ్చింది. ఎత్తు దాదాపు 12.5 సెంటీమీటర్లు. కథలో గండమ్ ఎత్తు 18 మీటర్లు కాబట్టి 1/144 కొలత గన్‌ప్లా పక్కన పెట్టినా సరిగ్గా సరిపోతుంది. ఒంటి మీద గీతలు తక్కువగా ఉన్నాయని నాసిరకం అనుకోకు. 1979లో టీవీలో వచ్చినప్పుడు ఒకావరా కునియో డిజైన్ ఎంత నున్నగా కనిపించిందో అలాగే ఉండాలని చేసిన వరుస ఇది. గన్‌ప్లా గీతలకి అలవాటుపడ్డ కంటికి మొదట వెలితిగా అనిపిస్తుంది కానీ, దీని అందమే అది.

ఇక పరీక్ష. నేనైతే ముందు చీలమండలు చూస్తాను. బరువంతా వాటి మీదే. కాళ్లు రెండూ బాగా ఎడం చేసి నిలబెట్టు. పాదం అడుగు మొత్తం బల్లకి ఆనాలి. అంచు మీద నిలబడి వణుకుతుంటే చీలమండ బంతి కీలు అరిగినట్టే. తర్వాత ఒక మోకాలి మీద కూర్చోబెట్టు. నడుం ముందుకి వాలిపోకూడదు, తుంటి దానంతటదే జారకూడదు. భుజాలకి అసలైన పరీక్ష ఆఖరి ఎపిసోడ్‌లోనే ఉంది. తల లేని, ఎడమ చెయ్యి లేని గండమ్ రైఫిల్‌ని నిట్టనిలువుగా పైకెత్తి కాలుస్తుంది చూడు, ఆ భంగిమ పెట్టు. కుడిచేతికి రైఫిల్ ఇచ్చి పైకెత్తి వదిలెయ్. కాసేపయ్యాక కూడా చెయ్యి దిగకపోతే ఆ భుజం మంచిది. ఈ ఒక్కటీ నిలబెట్టలేని బొమ్మకి డబ్బా ఎంత మెరుస్తున్నా నేను డబ్బు పెట్టను.

తర్వాత లెక్క చూడాలి. డబ్బా మీదో, లోపలి కాగితం మీదో ఏమేం వస్తాయో బొమ్మలేసి ఉంటుంది. రైఫిల్, షీల్డ్, బీమ్ సాబర్లు (వెలుగు కత్తులు) పోతే ఎవరైనా గమనిస్తారు. మార్చుకునే చేతులే చిన్నవి, అవే మాయమవుతాయి. పిడికిలి, తెరిచిన చెయ్యి, ఆయుధం పట్టుకునేది, అన్నీ జతలుగా లెక్కపెట్టుకో. కొట్టువాళ్లు బొమ్మని పెట్టిన సంచి మీది చీటీలో 'కెప్పిన్' అని ఉంటే ఏదో భాగం లేనట్టు. 'మికాయ్‌ఫూ' అంటే విప్పనిది, 'హాకో ఇతామి' అంటే డబ్బా దెబ్బతిన్నది. ఆ చివరిది నీకు వరమే, బొమ్మకి ఏమీ కాకుండానే ధర తగ్గుతుంది. ఫోన్ కెమెరాతో అనువాదం పెట్టుకుంటే చాలు, మొహమాటపడకు.

తెల్లటి ఒళ్లు కాబట్టి ఎండకి పసుపెక్కిందేమో చూడు. ఛాతీ ముందువైపు, వీపువైపు రంగు పోల్చి చూస్తే తెలిసిపోతుంది. పసుపెక్కినది ఎంత కడిగినా మారదు.

పన్ను మినహాయింపు మీద ఆశ పెట్టుకోకు. అది పర్యాటకులకి, నువ్వు ఇక్కడ ఉద్యోగం చేస్తున్నావు. ధర పక్కన 'జేకోమి' అని ఉంటే 10 శాతం పన్ను అందులోనే ఉన్నట్టు.

*

యోకొహామా నుంచి రాస్తున్నాను. అన్నయ్య చెప్పినవన్నీ సరే, నేను రెండు కలుపుతాను.

విప్పినది ఎక్కువకాలం డబ్బాలోనే మగ్గితే ఒక్కోసారి జిగురుగా తగులుతుంది. మెత్తటి పీవీసీలో కలిపే నూనెలాంటి పదార్థం పైకి ఊరడం వల్ల అలా అవుతుంది. ఇక్కడి ఎండాకాలం ఉక్కలో ఇంకా ఎక్కువ. గోరువెచ్చని సబ్బునీళ్లతో కడిగి నీడలో ఆరబెడితే చాలావరకు పోతుంది, అందుకని ఆ కారణానికి మంచి బొమ్మ వదులుకోకండి. బీమ్ సాబర్ లాంటి మెత్తటి భాగం వంగిపోయినా అంతే. వేడినీళ్లలో ముంచి, సరిచేసి, వెంటనే చన్నీళ్లలో పెట్టండి. కీలు వదులైతే బంతి మీద పారదర్శకంగా ఉండే గోళ్ల రంగు పల్చగా పూసి, పూర్తిగా ఆరాకే బిగించాలి. తడి ఉండగా పెడితే అతుక్కుపోయి విరుగుతుంది.

ఇక పిల్లాడి సంగతి. దయచేసి ఈ బొమ్మ వాడికి పంపకండి. 15 ఏళ్లు నిండినవాళ్లకని డబ్బా మీదే ఉంటుంది. సన్నటి కొమ్ములు, చిన్న చేతులు, అన్నీ ఊడేవే. వాడికి ఎంట్రీ గ్రేడ్ (కొత్తవాళ్ల కోసం చేసిన తేలిక రకం) గన్‌ప్లా ఆర్ఎక్స్-78-2 కొనండి. 2020లో వచ్చింది, అప్పటి ధర పన్నుతో 770 యెన్లు. జిగురు అక్కర్లేదు, కత్తెర కూడా అక్కర్లేదు, ముక్కలు చేత్తోనే ఊడివస్తాయి. మీ అక్కగారు పక్కన కూర్చుంటే ఒక సాయంత్రంలో వాడే నిలబెట్టేస్తాడు. వాడు చేసిన గండమ్ వాడికి ఎంత ముద్దో మీరే చూస్తారు.

*

ఇద్దరికీ చాలా థాంక్స్ అండి. మావాడికి ఎంట్రీ గ్రేడే పంపుతాను. శనివారం మళ్లీ వెళ్తున్నాను. కొట్లో విప్పి చూపించమని ఎలా అడగాలి? ఆ 2,000 జంక్ సంగతేంటి?

*

తమ్ముడూ, జంక్ ఇప్పుడొద్దు. వెనక్కి తీసుకోరు. నీ దగ్గర ఒక మంచిది ఉండి, దానికి పోయిన చెయ్యో షీల్డో కావాల్సినప్పుడు జంక్‌లో వెతుక్కో, అప్పుడది బంగారం.

ఈసారి అకిహబరాతో పాటు నకానో బ్రాడ్‌వే అనే కొట్ల సముదాయం కూడా చూడు. మీ నిషి కసాయి నుంచి తోజాయ్ లైన్ రైల్లో కూర్చుంటే మారకుండా నకానోలో దిగుతావు. పాత బొమ్మలు, కామిక్స్ అమ్మే మందరాకే కొట్లు మొదలైంది అక్కడే. చిన్న చిన్న కొట్లు పక్కపక్కనే ఉంటాయి, అదే బొమ్మ ధర నాలుగడుగుల దూరంలో మారిపోతుంది. మొదటి కొట్లోనే కొనెయ్యకు.

అడిగేది ఇలా: 'సుమిమాసెన్, నాకా ఓ మితే మో ఈ దెస్ కా?' లోపల చూడొచ్చా అని. చాలాచోట్ల కౌంటర్ దగ్గరికి తెచ్చి వాళ్లే విప్పుతారు. వాళ్లు చెయ్యి చూపించాకే ముట్టుకో, కీళ్లు కదపాలంటే ఇంకోసారి అడుగు. ఒప్పుకోకపోతే నవ్వుతూ థాంక్స్ చెప్పి పక్క కొట్టుకి వెళ్లు. తొందరపెడుతున్నారనిపిస్తే ముందు చీలమండలు, తర్వాత తల మీది వి ఆకారపు కొమ్ము విరిగిందేమో, ఆ తర్వాత చేతుల జతలు చూసుకో. వదులు కీళ్లు, జిగురు ఇంటికొచ్చాక చూసుకోవచ్చు.