నడుస్తున్న కోడ్‌ను సాఫ్ చేయాలా, వదిలేయాలా?

మిర్యాలగూడ_బిల్లు:
ఇక్కడ ఒక రైస్ మిల్లులో వడ్ల బిల్లుల ప్రోగ్రాం చూస్తుంటా. పైథాన్‌లో ఉంది. కాంటా తూకం, తేమకు తరుగు, హమాలీ, అన్నీ ఒకే ఫంక్షన్‌లో 900 లైన్లు. రాసినాయన ఉద్యోగం మానేసి వెళ్లిపోయాడు. బిల్లులైతే సరిగ్గానే వస్తున్నాయి, కానీ చిన్న మార్పు అడిగినా నాకు రెండు రోజులు పడుతోంది. లెక్క మారకుండా కోడ్ మాత్రం చిన్నగా చేస్తానంటే సేటు "నడిచేదాన్ని ఎందుకు కెలుకుతవ్" అంటున్నాడు. మీరేమంటారు?

పాలమూరు_పాతకాపు:
సేటు మాటే రైటు తమ్మీ. నేనూ ఒకసారి ఇట్లనే ఒక ఎరువుల దుకాణం ప్రోగ్రాం సాఫ్ చేసిన. 2016 అక్టోబర్ 11కు ముందు తేదీ ఉంటే వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ అన్నిటికీ మహబూబ్‌నగర్ జిల్లా అని వేసే ఒక ఇఫ్, అంటే షరతు లైను, ఉండె. పాత బిల్లులు ఇంకెవరు తీస్తరులే అని పీకేసిన. ఆడిట్‌కు పాత బిల్లులు మళ్లీ ప్రింట్ తీస్తే 2015 బిల్లు మీద వనపర్తి జిల్లా! అప్పటికి ఆ జిల్లానే లేదు. నారాయణపేట గురించి అడగకు, అది 2019లో వచ్చింది, దానికి ఇంకో ఇఫ్.

నకిరేకల్_నైట్‌షిఫ్ట్:
అన్నా, అది కోడ్ సాఫ్ చేయడం కాదు, అవసరం లేదనుకొని నియమాన్నే తీసేయడం. మిర్యాలగూడ తమ్ముడూ, ముందు పోయిన యాసంగి బిల్లులన్నీ తీసి పెట్టుకో. ఒక్క ముక్క విడదీసినప్పుడల్లా అవే తూకాలు కొత్త కోడ్‌కు ఇచ్చి, పైసాతో సహా పాత బిల్లుతో పోల్చు. తేడా వస్తే అక్కడే ఆగు. పాత లెక్క తప్పనిపించినా సరే, అప్పుడే దిద్దకు, అది వేరే కమిట్, అంటే విడిగా సేవ్ చేసుకునే మార్పు.

పాలమూరు_పాతకాపు:
యాసంగి బిల్లుల్లో రాని కేసు వానాకాలంలో వస్తే? తడిసిన వడ్లు అప్పుడే కదా వచ్చేది.

నకిరేకల్_నైట్‌షిఫ్ట్:
అది నిజమే, రెండు సీజన్లవీ పెట్టాలి. కానీ ముట్టుకోకుండా వదిలేస్తే మాత్రం ఆ 900 లైన్లు ఏటేటా పెరగడం తప్ప తగ్గవు.

మిర్యాలగూడ_బిల్లు:
రెండు సీజన్లవీ పెట్టి చూసిన. ఫంక్షన్ ఆరు ముక్కలైంది, బిల్లులన్నీ కలిశాయి, కొన్ని తప్ప. వాటిలో ఒక్క రూపాయి తక్కువ వస్తోంది. సగం రోజు తల బద్దలుకొట్టుకున్నాక తెలిసింది. పాత కోడ్‌లో 0.5 కలిపి, ఇంట్‌తో చుక్క తర్వాతి అంకెలు కోసేవాడు, అది చూడ్డానికి బాగాలేదని నేను రౌండ్ అని పెట్టిన. పైథాన్ 3లో సరిగ్గా 50 పైసలుంటే రౌండ్ సరి సంఖ్య వైపు పోతుందట, 2.5 ఇస్తే 2, 3.5 ఇస్తే 4. పాతదాంట్లో 2.5కు 3 వచ్చేది. అంటే 1250.50 బిల్లు 1251 కావాల్సింది 1250 అయింది.

పాలమూరు_పాతకాపు:
చూసినవా మరి. రైతు ఒక్క రూపాయికి కూడా అడుగుతడు, అడగాలె కూడా.

మిర్యాలగూడ_బిల్లు:
అందుకే పాత లైనే మళ్లీ పెట్టి, పైన ఎందుకో ఒక కామెంట్ రాసిన. సేటుకు ఇంకా చెప్పలేదు. కోతలు మొదలయ్యేలోపు చెప్పాలి.