ప్రశ్నాపత్రంలో "హుబూత్" అని అడిగితే కళ్లు తిరగడం అనుకుంటున్నారు, ఏం చేయాలి?

రియాద్_ఫిజియో:
నమస్తే అండీ. రియాద్‌లో ఆడవాళ్ల ఫిజియోథెరపీ చేస్తాను. గర్భసంచి జారడం, మూత్రం ఆగకపోవడం లాంటి వాటికి పీఎఫ్‌డీఐ-20 అనే, లక్షణాలు అడిగే 20 ప్రశ్నల పత్రం వాడుతున్నాం. మా దగ్గరున్న అరబిక్ కాగితంలో జారడాన్ని "హుబూత్" అని రాశారు. నిన్న ఒక ఈజిప్టు పెద్దావిడ "అవును, తినకపోతే రోజూ వస్తుంది" అన్నారు! ఆవిడ చెప్పింది నీరసం గురించి, నేను ఇంకో జబ్బుకు మార్కులు వేసేశాను. దీన్ని మేమే మార్చి రాసుకోవచ్చా?

దుబాసీ_హైదరాబాద్:
అక్కా, ఇక్కడి ఆసుపత్రులకు వచ్చే ఒమన్, సూడాన్ పేషెంట్లకు మాట సాయం చేస్తుంటాను. బీపీ పడిపోయినా హుబూతే అంటారు, తప్పు ఆవిడది కాదు. జబ్బు పేరు వదిలేసి, ఏం కనిపిస్తుంది, చేతికి ఏం తగులుతుంది అని అడగండి. ఇంకోటి, "మూత్రం లీకవుతుందా" అంటే లేదంటారు, అదే నమాజుకు మళ్లీ మళ్లీ వజూ (నమాజుకు ముందు చేతులు, ముఖం, కాళ్లు కడుక్కోవడం) చేసుకోవాల్సి వస్తోందా అంటే అప్పుడు మొత్తం చెప్తారు. చుక్క పడినా వజూ పోతుంది కదా, రోజుకు ఐదుసార్లు ఆ టెన్షన్. కొడుకునో కోడలినో మధ్యలో పెట్టి మాత్రం అడగొద్దు, అస్సలు చెప్పరు.

సర్వే_నర్సు:
ముందు ఇంగ్లిష్ మూలం తీసి చూడండి. అందులో జబ్బు పేరే లేదు, ఉబ్బుగా గానీ బయటికి జారినట్టు గానీ ఏదైనా కనిపిస్తుందా, తగులుతుందా అనే ఉంది. అంటే తప్పు తర్జుమాలో జరిగింది. మీరే దిద్దేసుకోకండి, పరీక్షించిన అరబిక్ తర్జుమాలు ఉన్నాయి, వాటిని చూసి, అనుమతి అడిగి మొదలుపెట్టండి. తిరిగి ఇంగ్లిష్‌లోకి మార్పించి చూస్తే చాలనుకుంటారు చాలామంది, కానీ హుబూత్‌ను డాక్టరు చేత మార్పిస్తే చక్కగా "ప్రొలాప్స్" (జారడం) అనే వస్తుంది, తప్పు బయటపడదు. పేషెంట్ల పక్కన కూర్చుని "ఈ ప్రశ్న మీకు ఏం అర్థమైంది, మీ మాటల్లో చెప్పండి" అని అడిగితేనే తెలుస్తుంది. ఈజిప్టు, సౌదీ, సిరియా వాళ్లందరినీ అడగండి, చదువు రానివాళ్లను కూడా.

వజూ ప్రశ్న నాకూ ముఖ్యమే అనిపిస్తోంది, కానీ ఆ 20లో కలపొద్దు. అందులో మూడు భాగాలు, ఒక్కోదానికి 100 మార్కులు, మొత్తం 300, ఒక ప్రశ్న చేర్చినా తీసేసినా వేరే దేశాల లెక్కలతో పోల్చలేం. విడిగా కింద పెట్టండి. అలాగే, మూత్రం పోవడానికి జారిన భాగాన్ని వేళ్లతో పైకి నెట్టాల్సి వస్తోందా అనే ప్రశ్నను సిగ్గని తీసేయకండి. అలా నెట్టుకుంటూ ఏళ్లు గడిపేవాళ్లకు ఎవరైనా అడగడమే పెద్ద ఊరట.

రియాద్_ఫిజియో:
థాంక్యూ అండీ ఇద్దరికీ. పీఎఫ్‌ఐక్యూ-7 అనే, ఈ బాధ రోజువారీ పనులకు ఎంత అడ్డమో అడిగే పత్రం కూడా వాడుతున్నాం, అందులో సినిమాకో కచేరీకో వెళ్లడం అని ఉంది. ఇక్కడ సినిమా హాళ్లు మళ్లీ తెరిచిందే 2018లో. మా పెద్దావిడలకు ఏం పెట్టమంటారు?

దుబాసీ_హైదరాబాద్:
పెళ్లి విందు అక్కా. రాత్రంతా కూర్చోవాలి, మంచి బట్టల్లో. దానికి వెళ్లడం మానేశారంటే బాధ ఎంతో మీకే తెలుస్తుంది. అనుమతి అడిగేటప్పుడు ఇది కూడా రాయండి.