స్వపరిపాలన దినోత్సవం నాడు విద్యార్థి నన్ను అనుకరించాడు. వార్షికోత్సవంలో మళ్ళీ అనుమతించవచ్చా?

ప్రశ్న – సుద్దముక్క

సభ్యులందరికీ నమస్కారం. నేను ఒక మండల కేంద్రంలోని జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో భౌతిక రసాయన శాస్త్రం బోధిస్తున్నాను. నవంబరు 14న మా బడిలో స్వపరిపాలన దినోత్సవం జరిగింది. ఆ రోజు పదో తరగతి పిల్లలే పంచెలు, చీరలు కట్టుకుని వచ్చి, హాజరుపట్టీ మొదలుకొని లాంగ్ బెల్ వరకు బడిని తామే నడుపుతారన్నది మీకు తెలిసినదే. నా పాత్ర తీసుకున్న పిల్లవాడు ఎనిమిదో తరగతికి పాఠం చెబుతూ చెబుతూ కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకుని, కాసేపటికి దానికోసం బల్ల మీద, సొరుగులో, చివరికి డస్టరు కింద కూడా వెతికి, "తీసినవారు మర్యాదగా ఇచ్చేయండి, పేరు అడగను" అన్నాడు. ఆ మాట నేను తరచుగా అంటానని తరగతి మొత్తం ఘొల్లుమనేదాకా నాకే తెలియదు. వెనుక నిలబడి నేనూ కళ్ళ వెంట నీళ్ళు వచ్చేలా నవ్వాను.

చిక్కు తరువాత వచ్చింది. నేను మధ్యాహ్న భోజనం వడ్డన దగ్గర ఉన్న సమయంలో మా సీనియర్ ఒకరు ఆ పిల్లవాణ్ణి స్టాఫ్ రూముకు పిలిపించి మందలించారు. సాయంత్రం వాడు నా దగ్గరికి వచ్చి, తల వంచుకుని, "తప్పయిపోయింది సార్" అన్నాడు. ఫరవాలేదని చెప్పాను గానీ, అంతకు ముందు గంట కొట్టిన తరువాత కూడా సందేహాలతో నన్ను కదలనివ్వని ఆ పిల్లవాడు మూడు వారాలుగా నోరు మెదపడం లేదు. ఫిబ్రవరిలో వార్షికోత్సవం ఉంది. స్టాఫ్ రూము మీద హాస్య నాటిక వేస్తామని పిల్లలు అడుగుతున్నారు, ప్రధానోపాధ్యాయులు నిర్ణయం నాకే వదిలేశారు. అనుమతించవచ్చా? అంతకన్నా ముందు, ఆ పిల్లవాడి నోరు తెరిపించేది ఎలా?

1వ సమాధానం – లెక్కల టీచర్

మాస్టారూ, నిస్సందేహంగా అనుమతించండి. అయితే నాటిక రాసుకున్న కాగితాలు ముందుగా ఒకసారి మీరే చదవండి. నేను పెట్టుకున్న కొలబద్ద ఒకటే: కళ్ళజోడు మరచిపోవడం, "ఏమర్రా" అనడం, సుద్దముక్క విసరడం వంటి అలవాట్ల మీద ఎంతైనా నవ్వుకోవచ్చు, ఒంటి రంగు, ఎత్తు, నత్తి, కులం, తండ్రి చేసే పని, మాట్లాడే యాస జోలికి మాత్రం పోకూడదు. పిల్లలకు ఈ గీత చూపిస్తే చాలు, మనకన్నా బాగా పాటిస్తారు.

మనకన్నా అని ఊరికే అనలేదు. పిల్లలు మన మీద వేసే హాస్యం కన్నా మనం పిల్లల మీద వేసే హాస్యమే ఎక్కువ ప్రమాదకరమని నా అనుభవం. కృష్ణా జిల్లాలో పనిచేస్తున్న రోజుల్లో, తండ్రి పని కోసం శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ఒక పిల్లవాడు ఎనిమిదో తరగతిలో చేరాడు. ఏదో అడిగితే వినిపించక "ఏటండీ?" అన్నాడు. నేను వెంటనే, "ఏటి ఒడ్డున లేము నాయనా, తరగతిలో ఉన్నాము" అన్నాను. శ్లేష బాగానే కుదిరింది, తరగతి అంతా నవ్వింది, నేను మురిసిపోయాను. మరునాటి నుంచి వాడి పేరు "ఏరు" అయింది. వేసవి సెలవులు వచ్చేవరకు వాడు ఏ ప్రశ్నకూ లేచి నిలబడి జవాబు చెప్పలేదు. పలక మీద రాసి చూపించేవాడు. విద్యాహక్కు చట్టం 17వ సెక్షను శారీరక దండనతో పాటు మానసిక వేధింపును కూడా నిషేధించిందనీ, 2010 ఏప్రిల్ 1 నుంచి అది అమలులో ఉన్నదనీ నాకు తెలుసు. బెత్తం పట్టనందుకు నేను ఆ చట్టాన్ని పాటిస్తున్నాననే అనుకున్నాను.

ఇక ఆ సీనియర్ గారు చేసినది తప్పే. నవ్వినది మీరు, క్షమాపణ అడిగించినది వారు. పిల్లవాడికి ఈ రెండింటిలో ఏది నిజమో తెలియక నోరు మూసుకున్నాడు.

2వ సమాధానం – పాత హాజరుపట్టీ

ప్రధానోపాధ్యాయుడిగా పదవీ విరమణ చేసినవాణ్ణి, కాస్త ఎదురు మాట చెప్పనివ్వండి. నవ్వు నాలుగు విధాల చేటు అన్నవారు బడిపంతులే అయి ఉంటారని నా అనుమానం. అరవై మంది ఉన్న తరగతిలో, అందునా భోజనాల తరువాతి పీరియడులో, ఒకసారి నవ్వు మొదలైతే దాన్ని ఆపడానికి పది నిమిషాలు పడుతుంది. నలభై అయిదు నిమిషాలలో ఆ పది పోతే సిలబస్ పూర్తి చేయవలసింది ప్రత్యేక తరగతులలోనే. నాటిక వేదిక మీద ఉండనివ్వండి, తరగతిలోకి రానివ్వకండి.

అంత మాట అన్నాను కాబట్టి ఇదీ చెప్పాలి. ఒకసారి ఒక పిల్లవాడి ప్రోగ్రెస్ కార్డులో తండ్రి సంతకం ఉండవలసిన చోట గుండ్రని అక్షరాలతో "నాన్న" అని రాసి ఉంది. ఎవరు పెట్టారని గద్దిస్తే, "నాన్నే సార్, చూడండి, పేరు కూడా రాశారు" అన్నాడు. వాడి ముందు గంభీరంగా ఉండి, కార్డు పట్టుకుని గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుని నవ్వుకున్నాను.

3వ సమాధానం – మూడో బెంచీ

నేను ఉపాధ్యాయుణ్ణి కాను, అటువంటి బడిలో చదువుకున్నవాణ్ణి. తరగతిలో నవ్వు వల్ల పాఠం పోతుందన్న పెద్దవారి మాటకు నా దగ్గర ఒక ఎదురు సాక్ష్యం ఉంది.

మాకు తొమ్మిదో తరగతిలో ఛందస్సు చెప్పిన తెలుగు పండితులు ఒకనాడు పది నిమిషాలు ఆలస్యమయ్యారు. మా వాడొకడు నల్లబల్ల మీద "సారు రారు నేడు సెలవు మనకు" అని రాసి, పైన గురులఘువులు, అంటే బరువు, తేలిక అక్షరాలు కూడా గుర్తించాడు. వాటి గుంపులే గణాలు: గురువు, లఘువు కలిస్తే గలం, మూడూ లఘువులైతే నగణం, ఈ రెండూ సూర్య గణాలు. పండితులు వచ్చారు. చేతిలోని గొడుగు మూలన పెట్టి, బల్ల వైపు చాలాసేపు చూశారు. మాకు గోడకుర్చీ ఖాయమనుకున్నాము. ఆయన నెమ్మదిగా, "సారు, రారు, నేడు మూడు గలాలు, సెలవు, మనకు రెండు నగణాలు. అయిదూ సూర్య గణాలే, ఆటవెలది పద్యం రెండో పాదం చక్కగా ఉంది. కాని నాలుగో గణం మొదటి అక్షరం యతి స్థానం, అంటే పాదం మొదటి అక్షరంతో ధ్వని కలవవలసిన చోటు కదా, 'సా'కు 'సె'తో మైత్రి ఉందా?" అని అడిగారు. లేదన్నాము. "యతి చెల్లలేదు కనుక సెలవు చెల్లదు" అని, దాని కిందనే సుద్దముక్కతో "సారు వచ్చినారు సాగు చదువు" అని రాశారు. మేము గణాలు కట్టి చూశాము. అయిదూ సూర్య గణాలే, యతి కూడా కుదిరింది.

రాసినది ఎవరని ఆయన అడగలేదు. ఆ పూట యతిమైత్రి గురించి వేరే పాఠం చెప్పవలసిన అవసరమూ రాలేదు. ఆ తరువాత నెల రోజుల పాటు ఆయన వచ్చేసరికి బల్ల మీద ఏదో ఒక పాదం ఉండేది. యతి తప్పకుండా రాస్తే సెలవు దొరుకుతుందేమోనని మా ఆశ. సెలవు ఒక్కసారీ దొరకలేదు.

అందుచేత మాస్టారూ, ఆ పిల్లవాణ్ణి విడిగా పిలిచి ధైర్యం చెప్పకండి, అది రెండో విచారణలా ఉంటుంది. వాడి హాస్యానికి మీ పాఠంలోనే జవాబు ఇవ్వండి.

సుద్దముక్క

అందరికీ కృతజ్ఞతలు. మూడో బెంచీ గారి సలహా పాటించాను, ఏం జరిగిందో చెప్పవలసిన బాధ్యత ఉంది.

నిన్న పదో తరగతిలో మానవుని కన్ను పాఠంలో దృష్టి దోషాల దగ్గరకు వచ్చాము. స్పష్ట దృష్టి కనిష్ఠ దూరం, అంటే కన్ను స్పష్టంగా చూడగల అతి దగ్గరి దూరం, సుమారు 25 సెంటీమీటర్లని చెప్పి, కావాలనే కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, పుస్తకం తెరిచి, చదవలేక, బల్ల మీద తడుముకున్నాను. మొదటి వరుసలో కిసుక్కుమన్నారు గాని ఎవరూ పెదవి విప్పలేదు. "తీసినవారు మర్యాదగా ఇచ్చేయండి" అన్నాను. అప్పుడు అందరి తలలూ ఆ పిల్లవాడి వైపు తిరిగాయి. "నా దోషం ఏమిటో, ఏ కటకం వాడాలో చెప్పినవారికే కళ్ళజోడు వెతికే అర్హత" అని వాడినే చూస్తూ అన్నాను.

వాడు కాసేపు తటపటాయించి లేచాడు. "చత్వారం సార్. దగ్గరి వస్తువులు కనిపించవు, కుంభాకార కటకం వాడాలి" అన్నాడు. కూర్చోబోయి, మళ్ళీ నిలబడి, "మీ నుదురు 25 సెంటీమీటర్ల లోపే ఉంది కదా సార్, అందుకే కళ్ళజోడు మీకు కనిపించడం లేదు" అన్నాడు.

పాత హాజరుపట్టీ గారూ, నిజంగానే పది నిమిషాలు పోయాయి. గంట కొట్టాక వాడు బల్ల దగ్గరికి వచ్చి దూరానికీ దగ్గరికీ పనికొచ్చే బైఫోకల్ కటకం గురించి రెండు సందేహాలు అడిగాడు. మూడోది సందేహం కాదు, నాటికకు నా పాత కళ్ళజోడు ఇస్తారా అని. కాగితాలు చూపిస్తే ఇస్తానన్నాను. రేపు తెస్తాడట.